అడగందే అమ్మయినా పెట్టదు: అంతరిక్షం కోసం చట్టసభ తలుపు తట్టినవాళ్ళు

మన ఊళ్ళల్లో పొద్దున్నే ఎమ్మెల్యే గారి ఇంటి ముందు అర్జీలు పట్టుకుని నిలబడేవాళ్ళు మనకి కొత్త కాదు. ఒకరికి పింఛను, ఒకరికి బోరింగు, ఒకరికి బడిలో గది. సోమవారం వస్తే కలెక్టరాఫీసులోనూ అదే వరస. మరి రాకెట్టు కోసం, టెలిస్కోపు కోసం, ప్లూటో కోసం అర్జీ పట్టుకుని వెళ్ళినవాళ్ళు ఉన్నారంటే? నవ్వొస్తుంది కానీ, అమెరికాలో ఇది అరవై ఏళ్ళకు పైగా జరుగుతోంది. వెళ్ళినవాళ్ళలో సైంటిస్టులూ కంపెనీల వాళ్ళే కాదు, గృహిణులు, విద్యార్థులు, మామూలు ఉద్యోగులు కూడా ఉన్నారు. ఆ చరిత్రలో మన ఆడవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది కాబట్టి ఈసారి ఆ కథ చెప్పుకుందాం.

ఇండియాలో చదివే అత్తయ్యలకి, పిన్నులకి ఒక్క మాట. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, పార్లమెంటు లాంటిది. 435 మందితో ప్రతినిధుల సభ, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మందితో సెనేట్. నాసాకి ప్రతి ఏడూ ఎంత డబ్బు ఇవ్వాలో తేల్చేది వీళ్ళే. అధ్యక్షుడు ఇంత కావాలని అడగచ్చు, ఇంత చాలు అని చెప్పచ్చు, కానీ పద్దు రాసే కలం కాంగ్రెస్ చేతిలో ఉంది. చంద్రుడి మీదకి మనుషుల్ని పంపే తయారీలో ఉన్నప్పుడు, 1966లో, దేశం ఖర్చు పెట్టే ప్రతి వంద డాలర్లలో నాలుగుకి పైగా నాసాకి వెళ్ళేవి. ఇప్పుడు అర డాలరు కూడా లేదు. అందుకే ప్రతి ఏడూ అడిగేవాళ్ళు అడగాల్సి వస్తోంది.

1962: "మమ్మల్ని కూడా పరీక్షించండి"

అంతరిక్షం విషయంలో చట్టసభ ముందు నిలబడి గట్టిగా మాట్లాడిన తొలి మహిళల్లో ఇద్దరు జెర్రీ కాబ్, జేన్ హార్ట్. కాబ్ ఓక్లహోమాకు చెందిన పైలట్, పదివేల గంటలు విమానం నడిపిన మనిషి. జేన్ హార్ట్ మిషిగన్ సెనేటర్ ఫిలిప్ హార్ట్ గారి భార్య, ఎనిమిది మంది పిల్లల తల్లి, ఆవిడా పైలటే.

నాసా తొలి వ్యోమగాములకి వైద్య పరీక్షలు చేసిన డాక్టర్ లవ్‌లేస్, అవే పరీక్షలు ఆడవాళ్ళకి చేస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నారు. ఇది నాసా కార్యక్రమం కాదు, న్యూమెక్సికోలోని ఆయన క్లినిక్‌లో సొంతంగా చేశారు. పదమూడు మంది మహిళలు నెగ్గారు. తరువాతి పరీక్షలు 1961లో ఫ్లోరిడాలోని నౌకాదళ స్థావరంలో జరగాల్సి ఉంది. దానికోసం కొందరు ఉద్యోగాలు కూడా మానేశారు. తీరా బయల్దేరే ముందు, రావద్దని టెలిగ్రాములు వచ్చాయి.

కాబ్, హార్ట్ ఊరుకోలేదు. 1962 మార్చిలో ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ని కలిశారు. ఆయన మర్యాదగా మాట్లాడి పంపించారు. ఆయన సహాయకురాలు లిజ్ కార్పెంటర్ అప్పటికే నాసాకి రాయాల్సిన ఉత్తరం ఒకటి తయారుచేసి పెట్టింది. ఆడవాళ్ళని ఆడవాళ్ళన్న కారణంతో పక్కన పెట్టకూడదు కదా అన్నది దాని సారాంశం. జాన్సన్ దాని మీద సంతకం పెట్టలేదు. దీన్ని ఇప్పుడే ఆపేద్దాం అని పెద్దక్షరాలతో రాసి ఫైల్లో పెట్టించారు. ఆ కాగితం దశాబ్దాల తర్వాత బయటపడింది.

ఆ తలుపు మూసుకుపోయాక వాళ్ళు చట్టసభ తలుపు తట్టారు. జూలై 17న ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ మొదలైంది. కాబ్, హార్ట్ అడిగింది పెద్ద కోరిక కాదు. మాకు ప్రత్యేకంగా ఏమీ వద్దు, మగవాళ్ళతో పాటు మమ్మల్నీ పరీక్షించండి అన్నారు.

నాసా దగ్గర ఒక నిబంధన ఉంది. వ్యోమగామి కావాలంటే జెట్ టెస్ట్ పైలట్ అయి ఉండాలి. మిలటరీ ఆడవాళ్ళని జెట్ టెస్ట్ పైలట్లుగా తీసుకోదు. అంటే వంటింట్లోకి రానివ్వకుండా వంట రాదు అనడమే. డిగ్రీ నిబంధన కూడా ఉంది. కానీ జాన్ గ్లెన్‌కి ఎంపిక నాటికి డిగ్రీ పూర్తవలేదు, అనుభవం చూసి సర్దుకున్నారు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ సర్దుబాటు లేదు. రెండో రోజు గ్లెన్ కూడా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆడవాళ్ళు ఈ రంగంలో లేకపోవడం మన సమాజం తీరు అన్నట్టు మాట్లాడారు. అప్పటికి ఆయన భూమి చుట్టూ తిరిగి వచ్చి ఐదు నెలలే అయింది, దేశమంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. మరో పేరున్న మహిళా పైలట్ జాకీ కాక్రన్ కూడా తొందరేమీ లేదన్నట్టే చెప్పారు. మూడు రోజులు అనుకున్న విచారణని రెండు రోజులకే ముగించేశారు.

ఓడిపోయారు. మరుసటి ఏడు, 1963 జూన్‌లో, సోవియట్ యూనియన్ వాలెంటినా తెరెష్కోవాని పంపింది. అమెరికా తన మొదటి మహిళ శాలీ రైడ్‌ని పంపడానికి 1983 దాకా పట్టింది. కానీ ఆ రెండు రోజుల మాటలు సభ రికార్డులో అచ్చయ్యాయి. ఆడవాళ్ళు అడగలేదు, అందుకే అవకాశం రాలేదు అని ఇంక ఎవరూ అనలేరు. 1995లో ఐలీన్ కాలిన్స్ షటిల్ నడిపిన మొదటి మహిళ అయినప్పుడు, ఆ పదమూడు మందిలో ఏడుగురు ఆవిడ ప్రయాణం చూడటానికి ఫ్లోరిడా వెళ్ళారు.

1980: ఒకరు ఐదుగురికి ఫోన్ చేస్తే

రెండో కథ అరిజోనాలోని టూసాన్‌లో మొదలవుతుంది. 1975లో కారొలిన్ హెన్సన్, కీత్ హెన్సన్ అనే భార్యాభర్తలు ఎల్-5 సొసైటీ అని ఒక సంఘం పెట్టారు. భూమి, చంద్రుల ఆకర్షణ సమతూకంలో ఉండే చోట్లు కొన్ని ఉంటాయి. వాటిలో ఐదోదాని పేరే ఎల్-5. అక్కడ ఊళ్ళు కట్టుకుని మనుషులు ఉండచ్చని ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జెరార్డ్ ఓనీల్ లెక్కలు వేశారు. ఆ కలని నమ్మినవాళ్ళ సంఘం ఇది.

1979 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి చంద్రుడి ఒప్పందాన్ని ఆమోదించింది. చంద్రుడి మీద ఉన్న సంపద మానవాళి అందరి ఉమ్మడి ఆస్తి, దాన్ని తవ్వుకునే రోజు వస్తే అందరికీ కలిపి ఒక ఏర్పాటు ఉండాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. ఇలాగైతే అంతరిక్షంలో ఎవరూ పెట్టుబడి పెట్టరు, మా ఊళ్ళు ఎప్పటికీ కట్టలేం అని ఎల్-5 వాళ్ళు బెంగపడ్డారు. లీ రాటినర్ అనే వాషింగ్టన్ లాయరుని పెట్టుకుని, సెనేటర్ల దగ్గరికి ఎలా వెళ్ళాలో నేర్చుకున్నారు. సభ్యులంతా ఫోన్ల గొలుసు కట్టారు. ఒకరు కొందరికి, ఆ కొందరు ఇంకొందరికి. మన వాట్సాప్ ఫార్వర్డ్‌కి అప్పటి రూపం అన్నమాట, కాకపోతే ప్రతి కాల్‌కీ బిల్లు వచ్చేది.

అమెరికా ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఇదంతా వాళ్ళ వల్లే అంటే అతిశయోక్తి అవుతుంది, ప్రభుత్వంలోనూ అనుమానాలు ఉన్నాయి. కానీ సెనేటర్లు దాన్ని తేలిగ్గా తీసుకోకుండా చేసిన పేరు మాత్రం వాళ్ళదే.

ఇక్కడ మనం ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. 1982లో ఇండియా ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది, తర్వాత ఖరారు చేయలేదు. వెనకబడ్డ దేశాల వైపు నుంచి చూస్తే ఉమ్మడి ఆస్తి అన్న మాటలో న్యాయం ఉంది. ముందు వెళ్ళినవాడే అంతా పట్టుకుపోతే, వెనక వచ్చేవాళ్ళ సంగతేంటి? ఎల్-5 వాళ్ళు గెలవడం అందరికీ మంచిదా కాదా అన్నది ఇప్పటికీ తేలని వాదన. ఒక్కటి మాత్రం నిజం. సెనేటర్ల గదుల్లో ఆ రోజు కూర్చున్నవాళ్ళ మాటే వినబడింది. కూర్చోని వాళ్ళ తరఫున ఎవరూ మాట్లాడలేదు.

1993: ఒక్క ఓటు

మూడో కథ మనకి బాగా దగ్గరిది. అంతరిక్ష కేంద్రం కడతామని 1984లో అధ్యక్షుడు రీగన్ ప్రకటించారు. తొమ్మిదేళ్ళు గడిచాయి, కోట్ల కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, ఒక్క ముక్క కూడా పైకి వెళ్ళలేదు. అప్పుల్లో ఉన్న దేశానికి ఇది అవసరమా అని చాలామంది సభ్యులు అడగడం మొదలుపెట్టారు. 1993 జూన్ 23న ఇండియానాకు చెందిన టిమ్ రోమర్, న్యూజెర్సీకి చెందిన డిక్ జిమ్మర్ దాన్ని పూర్తిగా ఆపేయాలని సవరణ పెట్టారు. ఈ రోమర్ గారే తర్వాత ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేశారు.

ఓట్లు లెక్కపెట్టారు. ఆపేయాలి అన్నవాళ్ళు 215, వద్దు అన్నవాళ్ళు 216. ఒక్క ఓటుతో అంతరిక్ష కేంద్రం బతికింది.

మరుసటి రోజు అదే సభ టెక్సాస్‌లో సగం తవ్వుతున్న సూపర్ కొలైడర్ అనే భౌతికశాస్త్ర యంత్రం మీద ఓటు వేసింది. దాన్ని 280కి 150తో తిరస్కరించారు. ఆ ఏడాదే అది ఆగిపోయింది. మైళ్ళ పొడవు సొరంగం ఖాళీగా మిగిలింది. చట్టసభ వద్దనుకుంటే ఏమవుతుందో ఆ సొరంగమే చెబుతుంది.

ఆ 216 వెనక ఎవరున్నారు? అధ్యక్షుడు క్లింటన్ మద్దతు, పెద్ద కంపెనీలు, ఉద్యోగాలు పోతాయన్న భయం, అన్నీ ఉన్నాయి. వీటితో పాటు ఉత్తరాలు రాసినవాళ్ళు, ఫోన్లు చేసినవాళ్ళు, సొంత ఖర్చుతో వాషింగ్టన్ వెళ్ళి ఆఫీసు ఆఫీసుకీ తిరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్క ఓటు తేడాలో ఎవరి పాలు ఎంతో విడదీసి చెప్పలేం. అయితే ఎవరి పాలూ వృథా అని కూడా అనలేం.

2000 నవంబర్ నుంచి ఆ కేంద్రంలో మనుషులు లేని రోజు లేదు. సునీతా విలియమ్స్ 2024 జూన్‌లో వారం రోజులకని వెళ్ళి తొమ్మిది నెలలు ఉన్నది అక్కడే. హైదరాబాద్ నుంచి చదువు కోసం అమెరికా వచ్చిన ఒక తండ్రి కొడుకు రాజా చారి, 2021 నవంబర్ నుంచి ఆరు నెలలు ఉన్నది అక్కడే. 2025లో మన శుభాంశు శుక్లా వెళ్ళింది కూడా అక్కడికే. వాళ్ళని టీవీలో చూసి మనం మురిసిపోయిన ఇల్లు, ఒకప్పుడు ఒక్క ఓటు మీద నిలబడిన ఇల్లు.

తలుపుకి అవతల కూర్చున్న ఆవిడ

ఇంతవరకు తలుపు తట్టినవాళ్ళ గురించి చెప్పుకున్నాం. లోపల కూర్చుని విన్నవాళ్ళలో ఒకరి గురించి కూడా చెప్పాలి. మేరీల్యాండ్ సెనేటర్ బార్బరా మికుల్‌స్కీ. పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం, బాల్టిమోర్‌లో తండ్రిది కిరాణా కొట్టు. ఆవిడ సోషల్ వర్కర్. తమ పేటల మీదుగా హైవే వేస్తామంటే అడ్డుపడి రాజకీయాల్లోకి వచ్చారు. అంటే ఒకప్పుడు ఆవిడా తలుపు బయట నిలబడిన మనిషే.

2000లో నాసా ప్లూటోకి వెళ్ళే ప్రాజెక్టుని డబ్బుల్లేవని ఆపేసింది. ప్లానెటరీ సొసైటీ అనే సంఘం సభ్యుల చేత వేల ఉత్తరాలు రాయించింది. పెన్సిల్వేనియాలో ఒక హైస్కూల్ కుర్రాడు కూడా తన వంతు ప్రచారం చేసి, ఆ ఉత్తరాలు అందించడానికి వాషింగ్టన్ వెళ్ళాడు. తర్వాత ప్రభుత్వం రెండేళ్ళు వరసగా ఈ పద్దుని కొట్టేస్తే, కాంగ్రెస్ తిరిగి చేర్చింది. అందులో మికుల్‌స్కీ చెయ్యి పెద్దది. న్యూ హొరైజన్స్ నౌక తయారైంది ఆవిడ రాష్ట్రంలోనే అన్నది కూడా మరిచిపోకూడదు. 2006లో బయల్దేరిన ఆ నౌక 2015 జూలై 14న ప్లూటోని దాటుతూ, గుండె ఆకారంలో తెల్లటి మంచు మైదానం ఉన్న ఫోటో పంపింది.

హబుల్ టెలిస్కోపు కథ ఇంకా బరువైనది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్‌తో పాటు మన కల్పనా చావ్లాని, మరో ఆరుగురిని పోగొట్టుకున్నాం. ఆ భయంతో, హబుల్‌ని బాగుచేయడానికి ఇంక మనుషుల్ని పంపం అని 2004 జనవరిలో నాసా ప్రకటించింది. దేశమంతా జనం గగ్గోలు పెట్టారు. మికుల్‌స్కీ ఇంకో నిపుణుల అభిప్రాయం కావాలని పట్టుబట్టారు. నిపుణుల సంఘం, షటిల్‌లో వెళ్ళి బాగుచేయడమే మంచిదని చెప్పింది. 2009 మేలో ఏడుగురు వెళ్ళి పని ముగించి క్షేమంగా తిరిగొచ్చారు. 2011లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుని రద్దు చేయాలని ప్రతినిధుల సభ కమిటీ ఒకటి తేల్చినప్పుడు కూడా దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆవిడే ముందున్నారు. ఇప్పుడు మన పిల్లలు ఫోన్లలో చూసే నక్షత్రాల ఫోటోలు చాలా ఉండే భాండాగారానికి ఆవిడ పేరే పెట్టారు.

చట్టం దారిలో ఆకాశానికి

గుంటూరు ప్రాంతంలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల గురించి మనందరికీ తెలుసు. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్ళినప్పుడు ఇక్కడా అక్కడా మిఠాయిలు పంచుకున్నాం. ఆవిడ ఉద్యోగం ఏంటో మాత్రం చాలామంది గమనించలేదు. చూపు సరిగా లేక పైలట్ దారి మూసుకుపోయింది. ఇంజినీరింగ్ చదివాక వాషింగ్టన్‌లో ప్రైవేటు అంతరిక్ష కంపెనీల సంఘంలో చేరారు. తర్వాత వర్జిన్ గెలాక్టిక్‌లో ప్రభుత్వ వ్యవహారాలు చూశారు. అంటే చట్టసభ సభ్యులకి, అధికారులకి ఈ రంగం గురించి వివరించి ఒప్పించే పని. రాకెట్టు ఎక్కకముందు ఆవిడ ఎక్కి దిగినవి కాంగ్రెస్ ఆఫీసుల మెట్లు.

ఆ కంపెనీలు నడవడానికి దారి వేసింది 2004 డిసెంబర్‌లో వచ్చిన చట్టం. ప్రమాదం ఎంతో తెలుసుకుని, సంతకం పెట్టి, ఎవరైనా డబ్బు కట్టి వెళ్ళచ్చు, ప్రయాణికుల భద్రత నిబంధనలు కొన్నేళ్ళు తొందరపడి రాయం అన్నది దాని పద్ధతి. ప్రాణాలు పోయాక రాస్తారా నిబంధనలు అని కొందరు సభ్యులు అప్పుడే నిలదీశారు. ఆ గడువు పొడిగించినప్పుడల్లా ఆ ప్రశ్న మళ్ళీ వస్తూనే ఉంది, రావాలి కూడా.

ఇంకో ముచ్చట. శిరీష వెళ్ళిన తొమ్మిది రోజులకే, జూలై 20న, బ్లూ ఆరిజిన్ నౌకలో 82 ఏళ్ళ వాలీ ఫంక్ వెళ్ళారు. ఆవిడ ఎవరో కాదు, 1961లో లవ్‌లేస్ పరీక్షలు నెగ్గిన పదమూడు మందిలో ఒకరు. అరవై ఏళ్ళు ఆగారు.

ఓటు లేనివాళ్ళ సంగతి

ఇవన్నీ ఇక్కడి పౌరుల కథలు, వీసా మీద ఉన్నవాళ్ళం మనకెందుకు అని అనిపించచ్చు. ఇక్కడే ఈ చరిత్ర మనకి పనికొచ్చేది. ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలో ఉంది. అక్కడ రాసింది పౌరులు అని కాదు, ప్రజలు అని. సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చే జనాభా లెక్కలోనూ మనల్ని, మన పిల్లల్ని కలిపే లెక్కపెడతారు. ఒక్కో సభ్యుడికి దాదాపు ఏడున్నర లక్షల మంది జనం. అందులో మనమూ ఉన్నాం. వీసా మీద ఉన్నవాళ్ళు ఎన్నికల విరాళాలు ఇవ్వకూడదు, అది గుర్తుంచుకోవాలి. మాట్లాడకూడదని మాత్రం ఎక్కడా లేదు.

మనవాళ్ళు మాట్లాడారు కూడా. హెచ్-4 మీద ఉన్న భార్యల్లో కొందరికి 2015 మేలో పనిచేసే అనుమతి వచ్చింది. తర్వాత దాన్ని తీసేస్తామన్న మాట వచ్చినప్పుడు, ఓటు లేని ఆ ఆడవాళ్ళు సభ్యుల ఆఫీసులకి వెళ్ళి తమ సంగతి చెప్పుకున్నారు. 2018 మేలో ప్రమీలా జయపాల్ ముందుండగా, రెండు పార్టీల నుంచి 130 మంది ప్రతినిధులు ఆ అనుమతి ఉంచాలని లేఖ రాశారు. అనుమతి నిలిచింది.

అంతరిక్షం విషయంలోనూ దారి అదే. ప్లానెటరీ సొసైటీ, నేషనల్ స్పేస్ సొసైటీ లాంటి సంఘాలు మామూలు జనాన్ని వాషింగ్టన్ తీసుకెళ్ళి, ఎలా మాట్లాడాలో నేర్పి, సభ్యుల దగ్గరికి పంపుతుంటాయి. నేషనల్ స్పేస్ సొసైటీ అంటే ఇంకేమీ కాదు, మన ఎల్-5 సంఘం 1987లో ఇంకో సంఘంతో కలిసి పెట్టుకున్న పేరే. అంత దూరం వెళ్ళలేకపోతే ప్రతి సభ్యుడికీ సొంత నియోజకవర్గంలో ఆఫీసు ఉంటుంది. ఎక్కువసార్లు కలిసేది సభ్యుడిని కాదు, పాతికేళ్ళ సహాయకుడినో సహాయకురాలినో. చిన్నబుచ్చుకోనక్కర్లేదు, సభ్యుడికి ఏం చెప్పాలో రాసిపెట్టేది వాళ్ళే. సమయం పావుగంట దొరుకుతుంది. ఒక్క పేజీ కాగితం, ఒక్క కోరిక, ఈ నియోజకవర్గంలో దానివల్ల ఎవరికి మేలో ఒక్క ఉదాహరణ. ఇంటికొచ్చాక థాంక్స్ చెబుతూ ఒక ఈమెయిల్. అంతే.

మన ఇళ్ళల్లో సైన్సు ఫెయిర్‌కి రాకెట్టు బొమ్మ చేసే ఆడపిల్లలు ఉన్నారు. నాసా సైన్సు పద్దు కోస్తే ముందు పోయేవి విద్యార్థుల ప్రాజెక్టులు, చిన్న యూనివర్సిటీల పనులు. ఆ పిల్ల రేపు ఏం చేయగలదో ఇవాళ ఒక కమిటీ గదిలో తేలుతుంటుంది. ఈ ఏడు పిల్లల సెలవులకి వాషింగ్టన్ వెళ్ళేవాళ్ళు మ్యూజియంలో రాకెట్లు చూపించాక, ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, మీ సభ్యుడి ఆఫీసుకి కూడా ఒకసారి తీసుకెళ్ళండి. అడగాల్సింది పిల్లనే అడగనివ్వండి.